పొరెంబడి పోయిన బోరు

2006 చివర్లో లండన్ మెటల్ ఎక్స్ఛేంజిలో టన్ను జింకు ధర సుమారు 4,500 డాలర్ల దాకా ఎగబాకింది. అంతకు నాలుగేళ్ళ కిందట అదే టన్ను సగటున ఎనిమిది వందలు కూడా పలకలేదు. ధర అలా లేస్తే గనుల లోకంలో ఎంత సందడో బయటివాళ్ళకు తెలీదు. నిన్నటిదాకా దండగమారి రాయి అని వదిలేసిన గుట్టమీద ఇవాళ జెండాలు పాతుతారు. డ్రిల్లింగ్ రిగ్గు కావాలంటే నెలల తరబడి ఆగాలి. జియాలజీలో ఎమ్మెస్సీ చేసి బ్యాంకు పరీక్షలకు చదువుకుంటున్నవాళ్ళను ఇళ్ళకు ఫోన్లు చేసి మరీ పిలిచారు. సుత్తి పట్టుకున్న ప్రతివాడూ మొనగాడే. ఆ మొనగాళ్ళలో నేనొకణ్ణి. రాజస్థాన్‌లో, భీల్వాడా వైపు, ఒక చిన్న ప్రైవేటు కంపెనీ సంపాదించుకున్న ప్రాస్పెక్టింగ్ లైసెన్సు మీద ప్రాజెక్ట్ జియాలజిస్టుని. అక్కడున్న జింకు నిక్షేపాన్ని పెంచడం నా ఉద్యోగం.

పెంచడం అనేది మా వాళ్ళ మాట. భూమిలో ఖనిజం ఉన్నంతే ఉంటుంది. బోర్లు వేసేకొద్దీ పెరిగేది కాగితం మీద అంకె. నేను వెళ్ళేసరికే అక్కడ పాతకాలపు బోర్లు కొన్ని ఉన్నాయి, అన్నీ నూరు మీటర్ల లోపు లోతువే. వాటి ప్రకారం రెండు వందల మీటర్ల నిడివిలో, నాలుగైదు మీటర్ల మందంతో ఒక జింకు పొర నిటారుగా దిగుతోంది. దాన్ని అటు ఉత్తరానికీ ఇటు దక్షిణానికీ, ముఖ్యంగా కిందికీ పొడిగించాలి. నాలుగైదు మీటర్ల మందం అన్న ముక్క పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. నేను పెట్టుకోలేదు.

జింకు నాకు కొత్తదేం కాదు. విశాఖపట్నంలో మింది దగ్గర 1977లో మొదలై 2012లో మూతపడ్డ స్మెల్టర్లో మా నాన్న పనిచేశారు. ఆయనకు జింకు అంటే ముదురురంగు పొడిగా గేట్లోకి వచ్చి తెల్లటి దిమ్మలుగా బయటికి పోయే సరుకు. ఆ పొడి ఏ రాతిలోంచి పుడుతుందో చూడాలని నాకు చిన్నప్పట్నుంచీ కోరిక. ఆంధ్రా యూనివర్సిటీలో చదువుకున్న రోజుల్లో అగ్నిగుండాల సీసం గనికి తీసుకెళ్ళారు, కడప బేసిన్లో సీసం జాడలున్న రాళ్ళు చూపించారు. అవేవీ ఆనలేదు. ఈ దేశంలో జింకు అంటే రాజస్థానే. అక్కడికి పోతేగానీ మనిషి కాలేననుకున్నాను.

ఆ బెల్టులో పనిచేసే ప్రతి జియాలజిస్టుకూ ఒక దయ్యం పట్టి ఉంటుంది. దాని పేరు అగూచా. 1977లో రాజస్థాన్ రాష్ట్ర గనులు, భూగర్భ శాఖలోని టి.సి. రాంపూరియా అనే జియాలజిస్టు రాంపురా, అగూచా గ్రామాల దగ్గర గోసన్‌ను గుర్తుపట్టాడు. సల్ఫైడు ఖనిజం ఎండకూ వానకూ కుళ్ళి, తుప్పుపట్టి, పైన మిగిల్చిన గోధుమరంగు పెంకునే గోసన్ అంటాం. దాని కింద ఒకటిన్నర కిలోమీటర్ల నిడివిన ఖనిజపు దిమ్మ తేలింది. సగటున నూటికి పదమూడు పాళ్ళ జింకు! 1991 నుంచి పైనుంచి గొయ్యిగా తవ్వారు, తరవాత సొరంగాలతో కిందికి దిగారు. దిగినకొద్దీ ఉంది. రాజ్‌సమంద్ జిల్లాలో సిందేసర్ ఖుర్ద్ మరీ చిత్రం. పైన చెప్పుకోదగ్గ జాడ లేకుండా లోతున నక్కి ఉన్న దాన్ని బోర్లతోనే పట్టుకున్నారు. ఈ రెండు కథలూ విన్నవాడికి ఇక ఏ పొరా అంతమయ్యేట్టు కనపడదు. భూమిని నిలువునా కోసినట్టు గీసే ప్రతి సెక్షన్లోనూ కిందికి బాణం గుర్తు వేసి ‘ఓపెన్’ అని రాస్తాడు. నేనూ రాశాను, బాణాలు కాస్త పొడుగ్గానే వేశాను.

ఒక సెలవు రోజున ఉదయపూర్ దగ్గర జావర్ వెళ్ళాను. అక్కడ ఊళ్ళో పాత గోడలు వాడి పారేసిన మట్టి మూసలతో కట్టి ఉంటాయి. జింకు 907 డిగ్రీల దగ్గర ఆవిరైపోతుంది, ఆ ఆవిరికి గాలి తగిలితే లోహం చేతికి రాదు. అందుకని మూసను తలకిందులుగా నిలబెట్టి, పైన మంట పెట్టి, ఆవిరిని గొట్టంలోంచి కిందికి దింపి చల్లార్చే పద్ధతి అక్కడివాళ్ళు కనిపెట్టారు. ఒక్కో కొలిమిలో ముప్పై ఆరు మూసలు. గనులు ఇంకా పాతవి. జావర్ గనుల్లోని కలపకు కార్బన్ పరీక్ష చేస్తే రెండు వేల ఏళ్ళు దాటింది. దరీబాలో దొరికిన కలప ఊతాలు సుమారు మూడు వేల ఏళ్ళ నాటివి. వాళ్ళకు డ్రిల్లింగ్ లేదు. పొర ఎటు పోతే అటు, దాని వెంటే తవ్వుకుంటూ పోయారు. తవ్వేవాడు పొర వెంట పోవాలి, బోరు వేసేవాడు పొరకు అడ్డం పడాలి. ఈ తేడా అప్పుడే, ఆ సొరంగాల నోటి దగ్గరే, నా బుర్రకెక్కి ఉంటే ఇది రాసే అవసరం ఉండేది కాదు.

అడ్డం పడటం సంగతి కాస్త చెప్పాలి. మేం వేసేది నీళ్ళ బోరు లాంటిది కాదు. రాతిని పొడి చెయ్యకుండా, వజ్రపు రవ్వలు పొదిగిన గుండ్రటి బిట్టుతో చుట్టూ కోసుకుంటూ దిగి, నడుమ మిగిలిన రాతి కడ్డీని పైకి తీస్తాం. దాన్నే కోర్ అంటాం. ఎన్‌క్యూ సైజు బోరులో కోర్ లావు 47.6 మిల్లీమీటర్లు. వంద మీటర్లకో బోరు చొప్పున వేసుకుంటూ పోతే, ఆ వంద మీటర్ల కొండకూ సాక్ష్యం పిడికిట్లో ఇమిడే ఆ కడ్డీయే. మిగతాదంతా సెక్షన్ మీద మేం గీసే గీత. పొరకు అడ్డంగా బోరు వేస్తే కోర్‌లో కనిపించిన పొడవు దాదాపు పొర మందమే. ఏటవాలుగా పోతే ఆ పొడవును పొరకూ బోరుకూ మధ్య కోణపు సైన్‌తో గుణించి అసలు మందం తెలుసుకోవాలి. ఇది డిగ్రీ రెండో సంవత్సరం లెక్క.

మా పొర తూర్పుకు డెబ్భై డిగ్రీల వాలుతో దిగుతోంది. కాబట్టి రిగ్గును తూర్పున నిలబెట్టి పడమటికి గురిపెట్టాలి. తూర్పున ఆవచేను. పూతమీద ఉంది. రైతు దగ్గరికి వెళ్ళి అడిగితే “కోతయ్యాక రండి” అని మర్యాదగానే చెప్పాడు. కోత మార్చిలో. అప్పటికి డిసెంబరు. పడమటి వైపు బంజరు, బండ్ల బాట కూడా ఉంది. పడమట నిలబడి తూర్పుకు యాభై డిగ్రీల వాలుతో కొడితే పొర ఎక్కడో ఒకచోట తగలకపోదు. డెబ్భైలోంచి యాభై తీస్తే ఇరవై. ఇరవై డిగ్రీల కోణంలో తగులుతుంది. చాలదా? చాలదని నాకు తెలుసు. అయినా రిగ్గు ఖాళీగా నిలబడితే రోజుకింత అని కడుతున్నాం, హెడ్డాఫీసు నుంచి రోజూ సాయంత్రం ఫోను. నాకు మార్చి దాకా ఆగే ఓపిక లేదు.

మా డ్రిల్లరు వినుకొండ పక్కనుంచి వచ్చిన మనిషి. కుర్రతనంలో అగ్నిగుండాల బోర్ల దగ్గర హెల్పరుగా చేరి, దేశమంతా తిరిగి ఇక్కడ తేలాడు. నేను బాబాయ్ అనేవాణ్ణి. రిగ్గు నిలబెట్టిన రోజున ఆయన వాలు చూసి తల గోక్కున్నాడు.

“సారూ, పొర అటు వాలతా ఉంటే మనం ఎనకనించి పొడుస్తా ఉన్నాం. బిట్టు పొరెంబడే జారిద్ది.”

“లెక్క వేశాను బాబాయ్. ఇరవై డిగ్రీలుంది.”

“మీ లెక్క కాయితం మీద కదండీ” అని కొబ్బరికాయ కొట్టాడు.

ఆయన మాట నేనెందుకు పెడచెవిన పెట్టానంటే దానికీ ఒక కారణం ఉంది. బాబాయ్ ప్రతి బోరుకూ కాయ కొట్టి “దీంట్లో ఖాయంగా పడిద్ది” అనేవాడు. చాలా వాటిలో ఏమీ పడలేదు. ఒకసారి కాయ కుళ్ళిందని మొత్తం బోరే దండగన్నాడు, దాంట్లోనేమో కాస్త ఖనిజం తగిలింది. అలాంటి మనిషి నోటినుంచి వచ్చిన సరైన మాట కూడా కొబ్బరికాయ జాతకంలాగే వినపడింది నాకు. కానీ ఆయన చెప్పింది పుస్తకంలో ఉన్నదే. బిట్టు పొరల వరసను వెడల్పాటి కోణంలో తాకితే అడ్డంగా కోసుకుపోవడానికి తిరుగుతుంది, ఇరుకు కోణంలో తాకితే పొరల వెంట జారిపోతుంది. ఈ ప్రశ్నకు జవాబు రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి నేను.

బోరు దిగుతుంటే ముప్పై మీటర్లకోసారి లోపలికి ఒక పరికరం పంపి బోరు వాలు ఎంత, దిశ ఎటు అని కొలుస్తాం. వాలు యాభై దగ్గర మొదలై 54 అయింది, 58 అయింది, 63 అయింది. దిశ అంకెలు మటుకు పిచ్చిపిచ్చిగా వచ్చాయి. ఆ రాళ్ళలో పిర్హోటైట్ ఉంది, అది అయస్కాంతంలా పనిచేసే ఖనిజం, దిక్సూచిని తిప్పేస్తుంది. నేను హాయిగా ఊపిరి పీల్చుకుని, “అయస్కాంత ప్రభావం, నమ్మదగదు” అని రాసి దిశతోపాటు వాలు అంకెలు కూడా కొట్టేశాను. వాలును ఆ పరికరం భూమ్యాకర్షణతో కొలుస్తుంది. పిర్హోటైట్ కాదు కదా, ఇనుప కొండ పక్కనున్నా దానికి ఢోకా లేదు. ఇదీ తెలుసు. మింగుడుపడని నాలుగు అంకెలను పక్కనే దొరికిన సాకుతో కలిపి మూటగట్టి పారేశాను. కంప్యూటర్లో బోరు తిన్నగా యాభై డిగ్రీల్లోనే దిగింది.

ఖనిజం తగిలింది రాత్రిపూట. పడమటి గాలి వణికిస్తోంది, బురదనీళ్ళ తొట్టి చుట్టూ హెల్పర్లు చితుకులు మంటేసుకున్నారు. లోపలి గొట్టాన్ని తీగతో పైకి లాగి, రబ్బరు సుత్తితో తడుతుంటే కోర్ రేకుమీదికి జారింది. బకెట్టుతో నీళ్ళు పోసి టార్చి వేశాను. ముదురు గోధుమరంగు జింకు ఖనిజం స్ఫాలరైట్, తుమ్మ జిగురులా మెరుస్తూ, మధ్యమధ్యలో సీసపు ఖనిజం గెలీనా తళుకులు. తరవాతి మూడు మీటర్లూ అదే. ఆ తరవాతి మూడు మీటర్లూ అదే. తెల్లారి చాయ్ తాగేసరికీ అదే, పొద్దెక్కినా అదే. మొత్తం ముప్పై ఎనిమిది మీటర్లు! ఆ బెల్టులో ఎవరికైనా ముప్పై ఎనిమిది మీటర్లు పడితే వెంటనే గుర్తొచ్చే పేరు ఒక్కటే. నేను రిగ్గు దగ్గర్నుంచి ఫోను సిగ్నలు దొరికే మిట్ట దాకా పరుగెత్తాను.

కోర్ వంక సరిగ్గా చూసి ఉంటే చాలు. ఖనిజపు చారలు కడ్డీకి అడ్డంగా కణుపుల్లా ఉండాల్సింది, చెరుకు గడలో నారలాగా నిలువునా, ఈ కొసనుంచి ఆ కొసకు పరుచుకుని ఉన్నాయి. కొన్నిచోట్ల ఒకే చార కోర్ అంచుమీద ప్రవేశించి అరమీటరు ప్రయాణం చేసిగానీ ఆవలి అంచుకు చేరలేదు. ముప్పై ఎనిమిది మీటర్లూ నేను చూసింది ఆ ఒక్క పొరనే, దాని పక్కనే నడుస్తూ.

దాన్ని చూసినామె ఒకరున్నారు. కొత్తగూడెం నుంచి వచ్చిన ట్రైనీ అమ్మాయి, ఉద్యోగంలో చేరి ఇంకా ఏడాది కాలేదు. కోర్ షెడ్డులో పెట్టెలు వరసగా పేర్చుకుని, కోణమానిని ఒక్కో ముక్కమీదా ఆనించి, కడ్డీ నడిమిగీతకూ చారలకూ మధ్య కోణం కొలిచి లాగ్ రిజిస్టర్లో పెన్సిలుతో రాసింది. 7, 6, 8, 7. సాయంత్రం రిజిస్టరు తెచ్చి నా బల్లమీద పెట్టి నిలబడింది.

“ఏమ్మా, ఏంటిది?”

“కోణాలు సర్. మనం అనుకున్న ఇరవై రావట్లేదు. ఏడు దగ్గరే ఉంటోంది.”

“కోణమాని సరిగ్గా పెట్టావా?”

“రెండుసార్లు కొలిచాను సర్. బోరు ఎక్కడో తిరిగిందేమో అని...”

అప్పుడు నేనన్న మాట ఇన్నేళ్ళయినా నా చెవుల్లోంచి పోలేదు. “మీ కొత్తగూడెం బొగ్గుపొరలు పడుకుని ఉంటాయమ్మా, ఇవి నిలబడి ఉంటాయి. అలవాటవ్వాలి” అన్నాను. నవ్వుతూ, పెద్దరికంగా. ఆ పిల్ల ఇంకేమీ అనలేదు. నేను రబ్బరు తీసుకుని ఆ అంకెలు చెరిపేసి ఇరవై అని రాయలేదు, అంత బరితెగించలేదు. అంతకంటే అన్యాయంగా చేశాను. రిజిస్టరు ఆమె చేతికే ఇచ్చి, “సెక్షన్ ప్రకారం ఇరవై వెయ్యి” అన్నాను. ఆమె చేతిరాతతోనే పడింది.

ఇక్కడ నా తెలివి గురించి ఒక మాట చెప్పుకోవాలి. ముప్పై ఎనిమిదిని నేను యథాతథంగా మందం అని చెప్పలేదు. ముప్పై ఎనిమిదిని సైన్ ఇరవైతో గుణించాను, పదమూడు మీటర్లొచ్చింది. మూడో వంతుకు తగ్గించి చెబుతున్నాను, ఎంత జాగ్రత్తపరుణ్ణో చూడండి అని నన్ను నేనే మెచ్చుకున్నాను. పూర్తి అమాయకుడికి పట్టుబడే భయమైనా ఉంటుంది, సగం చదువుకున్నవాడికి అదీ ఉండదు. సైన్ ఏడుతో గుణించి ఉంటే వచ్చేది నాలుగున్నర మీటర్ల పైచిలుకు. పాత బోర్లు చెప్పింది అదే. “పైన నాలుగైదు మీటర్లే కదా, కింద పదమూడు ఎలా అయింది?” అని ఎవరన్నా అడుగుతారేమోనని “లోతుకు పోయేకొద్దీ లావెక్కుతోంది” అని ముందే ఒక వాక్యం తయారుచేసి పెట్టుకున్నాను. ఎవరూ అడగలేదు. లావెక్కడం అందరికీ నచ్చింది.

నాలుగు వందల మీటర్ల నిడివి, రెండు వందల మీటర్ల లోతు, పదమూడు మీటర్ల మందం, ఘనమీటరుకు 3.3 టన్నులు. గుణిస్తే 34 లక్షల టన్నులు. నిడివి నాలుగు వందలు ఎక్కణ్ణుంచి వచ్చిందని అడగాలి మీరు. పాత నిడివి రెండు వందలు. అటు వంద, ఇటు వంద చుక్కల గీతలు నావి. నాలుగున్నర మందమే వేసుకుంటే అదే లెక్క 12 లక్షలకు దిగుతుంది, చుక్కల గీతలు తీసేస్తే 6 లక్షలు. 34 లక్షల అంకె హెడ్డాఫీసుకు చేరిన వారంలోపే పెట్టుబడిదారులకు చూపించే స్లైడుల్లోకి ఎక్కింది. మా డైరెక్టరు గారు ఫోన్లో నన్ను ‘గారు’ అని పిలవడం అప్పట్నుంచే మొదలైంది.

ఆ ఊపులో పక్క బోరు. దానికి ఇంకో ఆధారం కూడా దొరికింది. నేలమీద తీగలు పరిచి విద్యుదయస్కాంత సర్వే చేయిస్తే, లోతున ఒకచోట కరెంటు బాగా పారే దిమ్మ ఉన్నట్టు తేలింది. సర్వే చేసిన కుర్రాడు మ్యాపు మీద ఆ చోటుకి ఎర్రరంగు వేసి ఇచ్చాడు. ఎర్రరంగు చూస్తే మతిపోవడం మా వృత్తిరోగం. స్ఫాలరైట్‌లో కరెంటు సరిగ్గా పారదు. ఆ రాళ్ళలో కరెంటుకు అసలైన దారి గ్రాఫైటు. అగూచాలో ఖనిజానికి ఆశ్రయమిచ్చిన రాతిలోనే గ్రాఫైటు ఉంది కాబట్టి గ్రాఫైటుంటే జింకూ ఉంటుందని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. జింకు లేకుండా గ్రాఫైటు ఒంటరిగా ఎన్ని కిలోమీటర్లైనా ఉండగలదు. ఉంది కూడా. బోరులోంచి నల్లటి, జారుడు రాయి పెట్టెలకు పెట్టెలు వచ్చింది. కోర్ కడిగిన నీళ్ళు నలుపు, హెల్పర్ల చేతులు నలుపు, బాబాయ్ తువ్వాలు నలుపు. పెన్సిళ్ళ ఫ్యాక్టరీ పెట్టుకోవచ్చని వంటవాడు కూడా జోకేశాడు.

వరస తప్పినా ఇక్కడే ఇంకో సంగతి. దానికి ముందు ఏడాది ఒక బోరులో నల్లటి సన్నరవ్వ రాయిని బయోటైట్ షిస్ట్ అని లాగ్ చేసి, శాంపిలు తియ్యకుండా వదిలేశాను. ఇనుము ఎక్కువున్న స్ఫాలరైట్ నల్లగా ఉంటుంది, తొందరలో చూస్తే అభ్రకంలాగే కనపడుతుంది. పెట్టెలు మోసే భీలు కుర్రాడు ఒక పెట్టె దింపుతూ, ఇది మిగతావాటికంటే బరువేమిటని తోటివాణ్ణి అడిగాడు. నేను వినలేదు, ఆ కొత్తగూడెం అమ్మాయే విని శాంపిలు కోయించింది. స్ఫాలరైట్ నీటికంటే నాలుగు రెట్లు బరువు, మామూలు గ్నైసు రెండున్నర, రెండుముప్పావు మించి ఎంతో ఉండదు. భుజానికి తెలిసిపోతుంది. దాంట్లో జింకు శాతం నా పరువు తియ్యడానికి సరిపడా వచ్చింది. అంటే ఆ పిల్ల కొలతలను నమ్మడానికి నా దగ్గర ముందే ఒక కారణం ఉంది. ఆ కారణంవల్లే నాకు ఆమె మీద కాస్త గుర్రు కూడా ఉంది. ఇది రాయకపోతే మిగతాదంతా రాసీ లాభం లేదు.

మార్చిలో ఆవ కోశారు. తూర్పున రిగ్గు నిలబెట్టి, పడమటికి అరవై డిగ్రీల వాలుతో, ఎలా వెయ్యాలో అలా వేశాం. పదమూడు మీటర్ల మందమైతే ఆ కోణంలో కోర్‌లో పదిహేడు మీటర్లు పడాలి. పడింది ఆరు మీటర్లు. అదీ నా సెక్షన్ చూపించిన చోట కాదు, దానికి చాలా అవతల. చారలు కోర్‌ను యాభై డిగ్రీల్లో చక్కగా కోస్తున్నాయి. బాబాయ్ ఆ కోర్ చూసి “ఇదండీ బోరంటే” అన్నాడు, పాపం నన్ను దెప్పడానికి కాదు, నిజంగానే సంతోషించాడు. ఆరును సైన్ యాభైతో గుణిస్తే 4.6. ముప్పై ఎనిమిదిని సైన్ ఏడుతో గుణించినా 4.6. షెడ్డులో ఆ అమ్మాయి ఈ రెండు లెక్కలూ ఒక చీటీ మీద ఒకదాని కింద ఒకటి వేసి, ఏమీ వ్యాఖ్యానించకుండా, నా టీ గ్లాసు కింద పెట్టి వెళ్ళింది.

ఆ రాత్రే సవరించిన నివేదిక రాశాను. నిజంగానే రాశాను. వాలు మారిన సంగతి, ఏడు డిగ్రీల సంగతి, 34 లక్షలు పదికి కూడా నిలవని సంగతి. రాసి, రేపు పంపుదాం అని సొరుగులో పెట్టాను. మర్నాడు డైరెక్టరు గారు ఫోను చేసి ముంబైలో మీటింగు బాగా జరిగిందన్నారు. ఆ మర్నాడు శాంపిల్స్ ఇంకా రాలేదు కదా, వచ్చాక పంపుదాం అనుకున్నాను. శాంపిల్స్ వచ్చాయి. రెండో కొత్త బోరు కూడా చూద్దాం అనుకున్నాను. సొరుగుకు తాళం లేదు, ఎప్పుడైనా తియ్యొచ్చు.

ఈలోగా జింకు ధర నన్ను రక్షించింది. 2007లోనే దిగడం మొదలుపెట్టి, 2008 చివరికి టన్ను 1,100 డాలర్ల చుట్టుపక్కలకు పడిపోయింది. అమెరికాలో బ్యాంకులు కూలుతుంటే భీల్వాడాలో మా రిగ్గులు లారీలెక్కాయి. ప్రాజెక్టు మూసేశారు. హెడ్డాఫీసు ఉత్తరంలో కారణం ‘మార్కెట్ పరిస్థితులు’ అని రాశారు. వీడ్కోలు భోజనం రోజున అందరూ ధరనే తిట్టారు, నేనూ తిట్టాను, అందరికంటే గట్టిగా. అంత అనువైన శవం దొరికాక హత్య ఎవరు చేశారని ఎవరడుగుతారు? తరవాతి ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో కూడా అదే చెప్పాను. అంతటితో ఆగలేదు. బయోడేటాలో ‘34 లక్షల టన్నుల జింకు వనరు గుర్తింపు’ అన్న లైను చాలా ఏళ్ళు నిక్షేపంగా ఉండిపోయింది. ఆ లైను చూసే ఒకచోట జీతం పెంచి తీసుకున్నారు.

2015లో గనుల చట్టం మారింది. ముందు వచ్చినవాడికి లైసెన్సు అన్న పద్ధతి పోయి వేలంపాటలొచ్చాయి. వేలానికి బ్లాకులు తయారు చెయ్యాలంటే పాత బోర్ల సమాచారమంతా పోగెయ్యాలి. కొన్నాళ్ళకు ఆ పని పట్టుకున్న ఒక సంస్థవాళ్ళు నాకు మెయిలు పంపారు. లాగుల కింద నా పేరుంది కాబట్టి ఒకసారి సరిచూసి పెట్టమని కోరారు. ఫైలు తెరిచాను. పెన్సిలు, రిజిస్టరు, చేతిరాత ఏవీ లేవు. గడిలో శుభ్రంగా 20, 20, 20, 20. ప్రభుత్వ ముద్రకు సిద్ధంగా, మంచి ఫాంట్లో ఉన్నాయి.

ఈసారి సొరుగులో పెట్టలేదు. అవి తప్పు, అసలు కోణం ఏడు, బోరు తిరిగింది అని వెంటనే జవాబు రాశాను. ఆ సంస్థలోని కుర్రాడొకడు, గొంతు బట్టి చిన్నవాడే, ఫోన్ చేశాడు. “సార్, మీరు చెప్తున్నారు సరే, ఆధారం ఏమన్నా ఉందా? కోర్ ఉంటే మళ్ళీ కొలుస్తాం” అన్నాడు. కోర్ షెడ్డు కప్పు ఏనాడో కూలిపోయిందట. చెక్క పెట్టెలకు చెద పట్టింది, ముక్కలన్నీ కలగాపులగం అయిపోయాయి. రిజిస్టరు ఎక్కడుందో ఎవరికీ తెలీదు. “రికార్డులో ఉన్నదాన్ని నోటిమాట మీద మార్చలేం సార్” అన్నాడు. నేనే వేయించిన అంకెను నేనే కాదంటే చెల్లదన్నమాట. అతని స్థానంలో నేనున్నా అలాగే అనేవాణ్ణి.

ఆ అమ్మాయి ఇప్పుడు పెర్త్‌లో ఉంటోంది, నాకంటే పెద్ద హోదాలో. నంబరు సంపాదించి, సంకోచిస్తూనే మెసేజి పెట్టాను, అప్పటి ఫీల్డు నోటుబుక్కు ఏమైనా మిగిలి ఉందా అని. రెండు రోజులకు ఒక ఫొటో వచ్చింది. పసుపుపచ్చబడ్డ గళ్ళ కాగితం. 7, 6, 8, 7. చివరి గడిలో చిన్న అక్షరాలతో ‘సర్ 20 వెయ్యమన్నారు’. తేదీ, బోరు నంబరు, పెట్టె నంబర్లు అన్నీ ఉన్నాయి.

దాన్నే పంపాను, ఆ చివరి గడి కత్తిరించకుండానే. వాళ్ళు నాలుగు గడులూ మార్చారు. వాలు అంకెలు మాత్రం ఎక్కడా దొరకలేదు, వాటిని కొట్టేసింది నేనే కదా. అందుకని వాళ్ళ మోడల్లో ఆ బోరు ఇప్పటికీ యాభై డిగ్రీల్లోనే దిగుతూ, యాభై డిగ్రీల్లో దిగే బోరుకు అక్కడ రావడానికి వీల్లేని ఏడు డిగ్రీల కోణం చూపిస్తోంది. పక్కన ‘సందేహాస్పదం’ అని రాసి పెట్టారట.

ఫొటో అందిందని, చాలా థాంక్స్ అని ఆ అమ్మాయికి రాశాను. “ఇదొక్కటే చాలా సర్? పక్క పేజీ కూడా కావాలా?” అని అడిగింది. పక్క పేజీలో ఏముందన్నాను. వేరే బోరు సర్, అంది. దాంట్లో నేనేం దిద్దించానో నాకు గుర్తు లేదు. పంపమన్నాను.